నిచ్చెన మీద ఏడు మజిలీలు

ఆ కట్టడం దగ్గర అందరూ అతన్ని పైవాడు అనే పిలిచేవారు. పేరు లేక కాదు, పని అలాంటిది. ఇరవై అంతస్తుల ఎత్తున, టవర్ క్రేను నెత్తిన, నాలుగు వైపులా అద్దాలున్న గదిలో కూర్చుని, చేతికో లివరు పిడి పట్టుకుని ఇనుమూ ఇటుకా సిమెంటూ ఎక్కడివక్కడ చేర్చేవాడు. "పైవాడు దయతలిస్తే గానీ మన పని జరగదురా" అని మేస్త్రీలు నవ్వుకునేవారు. ఆ నవ్వు చెవిన పడిందంటే అతను లోలోపల పొంగిపోయేవాడు. నేల మీద అతన్ని లెక్కచేసేవాళ్ళెవరు మరి? పొట్టి మనిషి. నలుగురిలో నోరు విప్పితే మాట తడబడుతుంది. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే తనే జరిగి కూర్చునే రకం. అదే పైకెక్కాడా, వందమంది తలెత్తి చూడాల్సిందే. యాభైకి ఒక ఏడాది తక్కువ వయసులో ఆ గాజుగదిని వదులుకోవడమంటే అతనికి ఊహకు కూడా అందని సంగతి.

ఆ గదికి లిఫ్టు లేదు. క్రేను స్తంభం లోపల నిలువునా ఇనుప నిచ్చెన. మొత్తం పన్నెండు ముక్కలు. ముక్కకూ ముక్కకూ మధ్య ఒక మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చోగలిగినంత ఇనుప అరుగు. పదిహేనేళ్ళుగా ఇలాంటి నిచ్చెనలు ఎక్కీ దిగీ అతనికి అదొక లెక్క కాదు. మధ్యలో ఒక్కచోట కూడా ఆగకుండా ఎక్కి, పైన కిటికీ తెరిచి ఈలవేసేవాడు.

మూడు నెలల కిందట ఒకరోజు అయిదో అరుగు దగ్గర ఊపిరి అందలేదు. రొమ్ము నడిమధ్యన ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు అనిపించింది. రెండు నిమిషాలు కూర్చున్నాడు, పోయింది. మర్నాడూ అంతే. పదిరోజులకు రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది, నెల తిరిగేసరికి నాలుగు చోట్ల. ఇప్పుడు ఏడు. కూర్చుంటే పోతోంది కదా, గుండెజబ్బే అయితే కూర్చున్నంత మాత్రాన పోతుందా అని అతని వాదం. ఎంత తెలివి! ఎక్కితే వచ్చి కూర్చుంటే పోయే నొప్పే గుండె ముందుగా పంపే కబురు. ఆ కబురు రోజూ వస్తూనే ఉంది, ఇతగాడు రోజూ తలుపు వేసేస్తూనే ఉన్నాడు.

పైగా ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాడు. రొమ్ములో బరువు గ్యాసు. ఆయాసం వయసు. ఎడమచెయ్యి లాగడం బిగుసుకుపోయిన క్రేను లివరు వల్ల, అందుకని మెకానిక్కుని పిలిపించి దానికి రెండుసార్లు ఆయిలు పెట్టించాడు. దవడ కింద సలుపు పన్నునొప్పి. పళ్ళ డాక్టరు ఫోటో తీసి చూసి "పన్ను నిక్షేపంలా ఉందయ్యా, మెట్లెక్కేటప్పుడే దవడ నొప్పి ఏమిటి, ఒకసారి గుండె చూపించుకో" అంటే, ఆ డాక్టరుకు పని రాదని తేల్చేసి ఇంకొకడి దగ్గరికి పోయి బంగారంలాంటి పన్ను పీకించుకొచ్చాడు. పన్ను పోయింది, సలుపు ఉండిపోయింది.

ఇంట్లో భార్యకు అనుమానమొచ్చింది. రాత్రిళ్ళు రెండు దిండ్లు వేసుకుని సగం కూర్చుని పడుకుంటున్నాడు.

"ఏవండీ, ఒకసారి పెద్దాసుపత్రికి పోయొద్దాం" అందామె.

"మెడ పట్టేసిందే. కిందికి వంగి చూసీ చూసీ."

"మెడ పడితే ఆయాసమొస్తుందా?"

"నువ్వు ఎప్పుడు డాక్టరువయ్యావు?" అని కసిరాడు. బయట నోరు లేనివాళ్ళకు ఇంట్లో మాత్రం బాగానే లేస్తుంది. ఆమె ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

అసలు భయం వేరే. ఏడాదికోసారి కంపెనీ వాళ్ళు ఆపరేటర్లకు ఒళ్ళు పరీక్ష చేయించి, ఎక్కడానికి పనికొస్తాడని కాగితం ఇస్తారు. అది రెండు నెలల్లో ఉంది. ఈలోగా ఏ డాక్టరైనా ఏ చీటీ మీదైనా గుండె అని రాశాడా, ఆ గాజుగది మరొకడిది. కాబట్టి ఎవరికీ తెలియకూడదు. అందుకతను ఒక పద్ధతి కనిపెట్టాడు. అందరికంటే అరగంట ముందే వచ్చి, ఎవరూ చూడకముందే ఏడుచోట్ల ఆగుతూ ఎక్కేసేవాడు. ఒకసారి ఎక్కితే సాయంత్రం దాకా దిగేవాడు కాదు. భోజనం పైనే, నీళ్ళు పైనే. మిగతా అవసరానికి ఒక సీసా.

ఇక్కడే వచ్చింది అసలు తమాషా. ఫోర్‌మన్‌కు ఇది మహా ముచ్చటేసింది. పొద్దున్న పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి, "పైవాణ్ణి చూసి నేర్చుకోండి. అందరికంటే ముందొస్తాడు, మధ్యలో ఒక్కసారి కూడా దిగడు. పనంటే అదీ!" అని పొగిడేవాడు. పొగిడి ఊరుకోకుండా రెండో క్రేను నడిపే ఆవిడ వైపు కొరకొరా చూసేవాడు. ఆమె భోజనానికి దిగేది, మధ్యలో ఇంకో రెండుసార్లు దిగేది. మనిషన్నాక దిగదా? కానీ ఆ పొగడ్తతో ఆమెకు తలవంపులు, ఇతనికి సంకెళ్ళు. ఒక మనిషి రోగాన్ని ఊరంతా కలిసి సుగుణంగా లెక్కేసింది. ఇక మధ్యాహ్నం దిగాలని అతనికి అనిపించినా దిగే దారి లేదు.

ఆమె క్రేను ఎదురుగానే, దాదాపు అంతే ఎత్తు. ఒకసారి టీ దగ్గర మెల్లగా అడిగింది. "అన్నా, పొద్దున్నే నిచ్చెన మీద అన్నిసార్లు ఆగుతున్నావెందుకు? ఒంట్లో బాగుందా?"

"పొద్దు పొడుస్తుంటే చూస్తానమ్మా. బాగుంటుంది" అన్నాడు. ఆమె నమ్మలేదు. అయినా పెద్దవాడు, అంతకుమించి అడగడం బాగుండదని ఊరుకుంది.

ఇక కింద నిలబడి వాకీటాకీలో అతనికి దారి చెప్పేది సొంత బామ్మర్ది. పైనుంచి చూస్తే గోడల వెనకా స్లాబుల కిందా ఏముందో సగం కనబడదు. కింద నిలబడ్డవాడి మాటే కళ్ళు. "ఎడమకి... ఇంకా... మెల్లగా... ఆపు" అని చెప్తే అంతే. పన్నెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే మాట, ఒకే ఊపిరి. బామ్మర్దికి ఎత్తంటే చచ్చేంత భయం. మిద్దె మీద బట్టలు ఆరేయడానికి కూడా పెళ్ళాన్నే పంపుతాడు. "నువ్వు పైన, నేను కింద, మధ్యలో అక్క. అందుకే మన కాపురం సజావుగా సాగుతోంది బావా" అని వేళాకోళమాడేవాడు. అంత దగ్గర మనిషికీ లివరు బిగిసిందన్న కథే చెప్పాడు ఇతను.

ఆ రోజు భోజనాలకు ఇంకా ముప్పావుగంట ఉంది. ఇనుప ఊచల కట్ట ఒకటి కొక్కేనికి తగిలించి పైకి లేపాడు. అప్పుడు పట్టుకుంది. ఎక్కుతుంటే కాదు, నడుస్తుంటే కాదు. కుర్చీలో కూర్చుని ఉండగా. రొమ్ము మీద బరువు మెడ దాకా ఎక్కింది, ఎడమ చెయ్యి మోచేతి దాకా మొద్దుబారింది, నుదుటి మీద చల్లటి చెమట. కింద స్లాబు మీద ఆరుగురు చేతులు పైకెత్తి ఆ కట్ట కోసం చూస్తున్నారు.

"బావా, కుడికి రా" అంది వాకీటాకీ.

వచ్చాడు. పళ్ళు బిగబట్టి ఒంటిచేత్తో వచ్చాడు. "దించు... దించు... ఇంకో జానెడు... ఆపు." కట్ట తమలపాకు పెట్టినట్టు స్లాబు మీద కూర్చుంది. ఆరుగురిలో ఒక్కడికీ ఏమీ తెలియలేదు.

"భలే దించావు బావా! ఇంకోటి పంపనా?"

"కాస్త ఆగరా."

"ఏం, నిద్రొస్తోందా?"

అతను మైకు వదిలేశాడు. అయిదు నిమిషాలు చూశాడు. కూర్చుంటే పోవాలి కదా, అది అతని సూత్రం. పది నిమిషాలైంది. పావుగంటైంది. పోలేదు. ఇన్నాళ్ళూ తాను పెట్టిన పేర్లన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. గ్యాసు కాదు, పన్ను కాదు, లివరు కాదు. ఇది అదే.

మైకు ఎదురుగా వేలాడుతోంది. మీట నొక్కి ఒక్క ముక్క చెబితే చాలు. కానీ ఆ లైను అందరికీ వినబడుతుంది. ఫోర్‌మన్, మేస్త్రీలు, రెండో క్రేను ఆవిడ, గేటు కాపలావాడు, అందరికీ. పన్నెండేళ్ళు ఆ లైనులో తడబడకుండా మాట్లాడినవాడు ఇప్పుడు నోరు తెరవలేకపోయాడు. సెల్‌ఫోన్ ఉంటే బామ్మర్దికొక్కడికే చెప్పేవాడు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టి రావాలని రూలు. అద్దాలు నాలుగు వైపులా ఉన్నాయి, ఊరంతా కనబడుతోంది, ఒక్క దారీ లేదు. అతనికి ఏడుపొచ్చింది.

చివరికి మనిషి బుద్ధి ఎలా పనిచేసిందో చూడండి. భోజనాల వేళ అందరూ రేకుల కిందికి పోతారు. అప్పుడు మెల్లగా దిగిపోయి, బామ్మర్ది బండెక్కి ఎవరికీ తెలియకుండా ఆసుపత్రికి పోవాలి. అదీ ఎత్తుగడ. గుండె ఆగిపోయేలా ఉంటే ఇతనికి గుట్టు దాగితే చాలు.

భోజనాల గంట మోగింది. క్రేను చేతిని గాలి ఎటు తోస్తే అటు తిరిగేలా వదిలి, గది అడుగున ఉన్న తలుపు తెరిచి, నిచ్చెన మీద కాలు పెట్టాడు. దిగడం తేలికే అనుకున్నాడు. మొదటి ముక్క దిగాడు. రెండో ముక్క సగానికి వచ్చేసరికి మోకాళ్ళు తేలిపోయాయి. ఎలా వచ్చిపడ్డాడో తెలియదు, పైనుంచి రెండో అరుగు మీద చతికిలబడి ఉన్నాడు. వీపు ఇనుప కడ్డీకి ఆనించి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు.

మైకు పైన ఉండిపోయింది. రెండు ముక్కల ఎత్తు. మామూలు రోజు నిమిషం పని. ఇప్పుడు అది చందమామంత దూరం. కిందికి చూస్తే ఇంకా పది ముక్కలు. పైకి పోలేడు, కిందికి పోలేడు. అరిచాడు, గాలిలో అతని గొంతు అతనికే వినబడలేదు.

దూరంగా రేకుల కింద జనం క్యారేజీలు విప్పుకుంటున్నారు. ఒక్కడు తలెత్తితే చాలు. కానీ ఎవరు ఎత్తుతారు? పైవాడు మధ్యాహ్నం దిగడు కదా! అది ఆ సైటులో అందరికీ కంఠతా వచ్చిన సంగతి. నిచ్చెన మీద అతని కోసం చూడాలని ఎవరికీ తోచదు. వాకీటాకీలో పలకకపోతే తింటున్నాడనుకుంటారు, అలిగాడనుకుంటారు. మూడు నెలలు చెమటోడ్చి సంపాదించుకున్న మంచిపేరు ఇప్పుడు అతన్ని ఆ అరుగు మీద కట్టిపడేసింది.

తలమీద హెల్మెట్టు విప్పి చేతిలో పట్టుకున్నాడు. పారేస్తే కింద చప్పుడవుతుంది, చూస్తారు. కానీ ఇరవై అంతస్తుల నుంచి పడే హెల్మెట్టు ఎవరి నెత్తిన పడుతుందో! పదిహేనేళ్ళలో పైనుంచి ఒక బోల్టు కూడా జారనివ్వలేదు అతను. ఎవరూ లేని చోటు చూసి వేద్దామని కిందికి వంగాడు. చెమట కళ్ళలోకి దిగి నేలంతా అలికినట్టయింది. మనిషి ఎక్కడో, ఇసుకకుప్ప ఎక్కడో తెలియలేదు. "ఎడమకి బావా, ఇంకా కుడికి" అని చెప్పే గొంతు లేకపోతే అతనికి కిందిది ఏదీ కనబడదు. హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. చావు భయం అంటే ఏమిటో అప్పుడు పూర్తిగా తెలిసింది. ఇంటి దగ్గర కూతురు గుర్తొచ్చింది, భార్యను కసిరిన మాట గుర్తొచ్చింది, ఎవరికీ చెప్పకుండా ఇలా పోతే వాళ్ళు తనను ఎంత తిట్టుకుంటారో అనిపించింది.

ఎంతసేపు గడిచిందో. ఎదుటి స్తంభంలో ఏదో పసుపుపచ్చగా కదిలింది. రెండో క్రేను ఆవిడ. భోజనం ముగించి, ఫోర్‌మన్ చేత చీవాట్లు తిని, అందరికంటే ముందే తన నిచ్చెన ఎక్కుతోంది. రోజుకు మూడుసార్లు దిగి ఎక్కే మనిషి కాబట్టే ఆ వేళకు ఆ ఎత్తున ఉంది. ఆయాసం లేకుండా చకచకా వచ్చి, ఇతనికి సరిగ్గా ఎదురుగా ఆగింది.

"అన్నా!" అని కేకేసింది. అతనికి నోరు కదలడం కనబడింది, మాట వినబడలేదు.

క్రేను పనిలో చేతిసైగలన్నీ కిందివాళ్ళు చేయాలి, పైవాళ్ళు చూడాలి. అన్నీ ఆపేయమనాలంటే రెండు చేతులూ బారజాపి అటూ ఇటూ ఊపాలి. అతను జన్మలో మొదటిసారి ఆ సైగ తనే చేయబోయాడు. ఎడమచెయ్యి లేవలేదు. కుడిచెయ్యి ఒక్కటే బారజాపి ఊపాడు. ఊపి, ఆ చేతినే తెచ్చి రొమ్ము మీద పెట్టుకున్నాడు.

ఆమె మిగతా నిచ్చెన పరుగున ఎక్కింది. అరనిమిషంలో ఆమె క్రేను హారను మోగడం మొదలైంది. ఆపలేదు. రేకుల కింద క్యారేజీలు వదిలేసి అందరూ బయటికొచ్చారు. "పైవాడు నిచ్చెన మీద పడిపోయాడు! గుండెనొప్పి! అంబులెన్సు పిలవండి, తాళ్ళు తీసుకురండి!" అని ఆమె గొంతు సైటులో ఉన్న వాకీటాకీలన్నిటిలో ఒకేసారి వినబడింది. ఇన్నాళ్ళూ అతను దాచిన మాట ముక్కుసూటిగా అందరికీ చేరిపోయింది.

ఎత్తు నుంచి దించడం నేర్చిన ఇద్దరు మనుషులు పట్టీల స్ట్రెచరూ తాళ్ళూ తీసుకుని బయల్దేరారు. కానీ వాళ్ళకంటే ముందు అరుగు మీదికి వచ్చిన తల బామ్మర్దిది. మొహం సున్నం వేసినట్టు తెల్లబారింది. కళ్ళు సగం మూసుకునే ఎక్కాడు.

"నువ్వెందుకెక్కావురా?" అన్నాడు ఇతను, మాటకో ఊపిరి తీసుకుంటూ.

"నోర్ముయ్ బావా. కదలకు. కాళ్ళు చాపు. వెనక్కి ఆను." లోడుకు చెప్పే గొంతే. అతను చెప్పినట్టల్లా చేశాడు.

"లేచి దిగుతాలేరా. తగ్గుతోంది. గ్యాసు..."

"ఇంకొక్కసారి గ్యాసన్నావంటే ఇక్కణ్ణించి నేనే తోసేస్తా!" అన్నాడు బామ్మర్ది. అంటూనే భోరుమన్నాడు. ఏడుస్తూనే బావ చొక్కా గుండీలు విప్పాడు.

కింద అంబులెన్సు వచ్చింది. ఫోర్‌మన్ వాకీటాకీ అందుకుని ఎవరో డాక్టరమ్మ మాట్లాడింది. నిదానమైన గొంతు. "ఆయన్ని నడవనివ్వకండి. ఒక్క మెట్టు కూడా. అడిగినదానికి నిజం చెప్పమనండి. నొప్పి ఎప్పుడు మొదలైంది?"

బామ్మర్ది మీట నొక్కి వాకీటాకీ అతని నోటి దగ్గర పెట్టాడు. సైటు మొత్తం వింటోంది. హారను ఆగింది, మిక్సర్లు ఆగాయి, గాలి ఒక్కటే ఉంది. "గంటన్నర కిందట" అని చెబితే పోయేది. నిజానికి అదీ అబద్ధం కాదు. అతను బామ్మర్ది మొహంలోకి చూశాడు.

"గంటన్నరైంది" అన్నాడు. ఆగి, ఊపిరి పీల్చుకుని, "మూడు నెలలైందమ్మా" అన్నాడు. "ఎక్కితే వస్తుంది. దవడా, చెయ్యీ. పడుకుంటే ఆయాసం. ఎవరికీ చెప్పలేదు. నాకు భయంగా ఉందమ్మా, నన్ను దించండి."

మాట ఒక్కచోట కూడా తడబడలేదు. వంద మంది తలలెత్తి చూస్తున్నారు, ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ మందులు పడనివి ఏమైనా ఉన్నాయా అని అడిగి, తాళ్ళతో ఎక్కివచ్చిన ఇద్దరూ తెచ్చిన మందుల పెట్టెలోంచి ఒక మాత్ర నమలమంది. ఆ ఇద్దరూ అతన్ని పట్టీలతో బిగించి తాళ్ళ మీద దించారు. పక్కనే నిచ్చెన మీద బామ్మర్ది కిందికి చూడకుండా దిగుతూ, "మెల్లగా... ఇంకా... ఆపు... దించు" అని చెప్తూనే ఉన్నాడు. నేల తాకేదాకా అతను ఆ గొంతునే వింటూ కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆసుపత్రిలో మూసుకుపోయిన రక్తనాళాన్ని అదేరోజు తెరిచారు. మూడోరోజు పొద్దున పెద్ద డాక్టరు వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కాగితాలు చూస్తూ చెప్పాడు. ప్రాణానికి గండం గడిచింది. గుండెకండలో ఒక భాగం మాత్రం పనిచేయడం మానేసింది, అది మళ్ళీ రాదు. మందులు వేసుకోవాలి, నెమ్మదిగా నడవాలి, ఇంటిపనీ చిన్నపనీ చేసుకోవచ్చు.

"నిచ్చెన?" అన్నాడతను.

"అది కుదరదు. ఆ మాట మరిచిపోండి."

అప్పుడు అడక్కూడని ప్రశ్న అడిగాడు. "మొదట్లోనే వచ్చుంటే సార్?"

డాక్టరు అబద్ధం చెప్పే మనిషి కాదు. "మొదట్లో వచ్చుంటే గుండె దెబ్బతినకముందే నాళం తెరిచేవాళ్ళం. రెండు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని, పరీక్షలన్నీ బాగుంటే, చాలామంది తమ పనికి తిరిగి వెళ్తారు. మీరు కూడా బహుశా ఎక్కేవారే" అన్నాడు. భుజం తట్టి పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు.

భార్య మంచం అంచున కూర్చుని ఉంది. డాక్టరు వెళ్ళాక ఆమె అతని దుప్పటి సర్దింది. తర్వాత అడిగింది.

"అది గుండెనొప్పని మీకు తెలుసా?"

"మొదటి రోజే అనుమానమొచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే ఆ గది పోతుందని."

ఆమె అతని వైపు తిరిగింది. కోపం లేదు, దెప్పడం లేదు, మూడు రోజులుగా నిద్ర లేని మొహం.

"పోయింది కదండీ" అంది.

అతను దుప్పటి మొహం మీదికి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఆపమనలేదు. అతని కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకుని అలాగే కూర్చుంది.